ఇరవై గంటల అన్నం

మహారాజశ్రీ అమెరికా సంయుక్త రాష్ట్రాల వ్యవసాయ శాఖామాత్యుల వారి దివ్య సముఖమునకు,

కాలిఫోర్నియాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో పిల్లల చేత కాల్‌ఫ్రెష్ అప్లికేషన్లు పెట్టించే చిరుద్యోగిని చేసుకునే విన్నపం.

విషయం: చదువుకునే పిల్లల తిండి గురించి.

ఆ కుర్చీలో అయ్యగారున్నా అమ్మగారున్నా, నమస్కారాలు.

మీ శాఖ ఇచ్చే ఆహార సాయాన్ని మీరు స్నాప్ అంటారు, మా రాష్ట్రం కాల్‌ఫ్రెష్ అంటుంది, మా అమ్మ ఫోన్లో 'అమెరికా రేషన్ కార్డు' అంటుంది. ఆ కార్డు పిల్లలకు ఇప్పించడమే నా పని. ఇప్పించడమంటే నా చేతిలో ఏమీ లేదు, పక్కన కూర్చుని ఏ ప్రశ్నకు ఏ కాగితం చూపాలో చెబుతానంతే. 2025 అక్టోబరు నుంచి ఒంటరి మనిషికి నెలకు ఎక్కువలో ఎక్కువ 298 డాలర్లు. దానికోసం మీరు అడిగే ఆరాలు వింటుంటే మా వైపు పెళ్లిచూపులే నయమనిపిస్తుంది.

మీ మూలసూత్రం ఇదీ. కాలేజీలో సగం కోర్సుకు తగ్గకుండా చదివే 18 నుంచి 49 ఏళ్ల వాళ్లకు సాయం లేదు, ఏదో ఒక మినహాయింపు కిందికి వస్తే తప్ప. వాటిలో అందరి నోటా వినిపించేది వారానికి 20 గంటలు జీతానికి పనిచేయడం. కాలేజీకి వెళ్లేవాడంటే ఇంటినుంచి డబ్బు తెప్పించుకునే దొరబిడ్డ అని 1970ల చివర్లో, 1980లో చట్టాలు రాసినవాళ్లు అనుకున్నారు. ఆ దొరబిడ్డల పిల్లలు కూడా చదువు ముగించుకుని వెళ్లిపోయారు. రూలు మాత్రం డిగ్రీ పుచ్చుకోకుండా ఇంకా క్యాంపస్‌లోనే ఉంది.

ఆమధ్య నా దగ్గరికొచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల, బయాలజీ చదువుతోంది. లైబ్రరీలో వారానికి 16 గంటలు పని. ఆసుపత్రిలో ఇంకో ఎనిమిది గంటలు జీతం లేని ఇంటర్న్‌షిప్. మొత్తం 24 కదా అంటారేమో, కాదు. జీతం రాని గంట మీ గడియారంలో గంట కాదు. ఇంకో నాలుగు గంటలివ్వండి అని లైబ్రరీ వాళ్లను బతిమాలుకుంది. చదువు దెబ్బతింటుందని వాళ్లు ఇవ్వలేదు.

ఆ అమ్మాయితో అపార్టుమెంటు పంచుకునే ఇద్దరూ ఎం.ఎస్. చేయడానికి వచ్చినవాళ్లు, ఒకరిది గుంటూరు, ఒకరిది వరంగల్. ఎఫ్-1 వీసా. మీ సాయం వాళ్లకు ఎటూ రాదు, వాళ్లూ అడగలేదు. కానీ సెమిస్టర్ నడిచేటప్పుడు వాళ్లు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. మించితే వీసాకే ఎసరు. ఎందుకంటే చదువుకోవడానికి వచ్చారు కనుక! ఒకే వంటింట్లో, ఒకే కుక్కర్ ముందు, ఒకే ప్రభుత్వం ఒక పిల్లతో '20 దాటావో జాగ్రత్త' అంటోంది, ఇంకో పిల్లతో '20 రాలేదా, అయితే అన్నం లేదు పో' అంటోంది. రెండు శాఖల వారూ ఒక్కసారి ఆ వంటింట్లో కూర్చుని మాట్లాడుకోవాలని ప్రార్థన. టీ ఖర్చు నాది.

ఆ కుక్కర్ కూడా మీ విచారణకు వచ్చింది. కౌంటీ ఆఫీసు నుంచి ఇంటర్వ్యూ ఫోన్. 'మీరూ రూమ్మేట్లూ కలిసి సరుకులు కొని, కలిసి వండుకుంటారా?' అలా చేస్తే మీ లెక్కలో ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. మిగతా ఇద్దరి సంపాదనలో వాటా కూడా ఈ పిల్ల ఆదాయంలోకి ఎక్కవచ్చు. అబద్ధం చేతకాని పిల్ల. మామూలు రోజుల్లో ఎవరి వంట వాళ్లదే అనీ, ఆదివారం మాత్రం కలిసి తింటామనీ, ఆవకాయ వరంగల్ అక్క వాళ్లమ్మ పంపితే ముగ్గురం వేసుకుంటామనీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. అవతలి గొంతు కాసేపు ఆగింది. ఆవకాయ రాయడానికి ఫారంలో గడి లేదు. బియ్యం బస్తా ఎవరు కొన్నారు, డబ్బు ఎవరు కట్టారు అన్నదాకా నడిచి, చివరికి ఎవరి సరుకులు వారివేనని తేలింది.

20 గంటల గండం మా రాష్ట్రం చదువుకిచ్చే కాల్ గ్రాంట్ వల్ల గట్టెక్కింది. ఆ గ్రాంటులో టానఫ్ అనే మీ వాళ్ల ఇంకో పథకం సొమ్ము కలిసి ఉంటే విద్యార్థికి గంటల షరతు లేదు. ఈ ముక్క ఆ పిల్లకు తెలియదు, మొదట ఫోన్ చేసిన కౌంటీ ఉద్యోగికీ తెలియదు. దానికి రుజువు ఉత్తరం ఆమె ఈమెయిల్లోనే తెరవకుండా పడి ఉంది. వాళ్ల నాన్నగారికైతే ఈ కార్డు వ్యవహారమే గిట్టలేదు. 'మన ఇళ్లలో ఎవరైనా ఇలా చేయి చాపారా?' అని రాత్రంతా మథనపడ్డారట. ఆయనకు నచ్చజెప్పడం మీ ఫారంకన్నా కష్టమైంది.

ఇది ఒక్క పిల్ల గొడవ కాదు. మీ ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ జీఏఓ 2024లో చెప్పిన మాట: 2020లో సుమారు 38 లక్షల మంది విద్యార్థులకు తిండికి భరోసా లేదు. సాయానికి అర్హులయ్యే అవకాశమున్న విద్యార్థుల్లో మూడింట రెండు వంతుల మంది దాన్ని అందుకుంటున్నట్టు చెప్పలేదు.

ఇక నా నోటితో చెప్పలేని సలహా ఒకటుంది. మా దగ్గర ఆరు యూనిట్లు చదివితే సగం కోర్సు. అయిదే తీసుకుంటే మీ దృష్టిలో విద్యార్థే కాదు, ఈ షరతు తగలదు (వేరేవి తగులుతాయి, అది ఇంకో పురాణం). 'ఒక క్లాసు మానేయమ్మా, అన్నం దొరుకుతుంది' అని చెప్పడానికా యూనివర్సిటీ నాకు జీతమిస్తోంది?

మీకు చేతకాని పని అడగడం లేదు. 2021 జనవరి నుంచి, చదువుతూ పనిచేసుకునే వర్క్‌స్టడీ సాయానికి అర్హత ఉన్నవాళ్లకూ, చదువుకు కుటుంబం పెట్టగలిగేది సున్నా అని తేలినవాళ్లకూ గంటల లెక్క లేకుండానే ఇచ్చారు. కోవిడ్ ఎమర్జెన్సీ ముగిసిందని 2023 వేసవి నుంచి ఆపేశారు. వైరస్‌కూ ఆకలికీ ఏం చుట్టరికమో నాకు బోధపడలేదు. ఇప్పుడు చదువు సాయానికి నింపే ఫాఫ్సా ఫారం చూసి విద్యాశాఖ వారు లెక్కకట్టే స్తోమత అంకె మైనస్ 1500 దాకా దిగుతుంది. సున్నాకు కింద కూడా పేదలున్నారని ఒక శాఖ ఒప్పుకున్నాక, ఆ అంకె చూసి ఇంకో శాఖ కార్డు ఇవ్వడానికి అడ్డమేమిటి? చట్టం కాంగ్రెస్ చేతిలో ఉందంటారు. నిజమే. ఈ కాగితాన్ని తమ సిఫారసు జతచేసి అటు పంపగలరు.

ఇట్లు,
తమ విధేయురాలు

తా.క.: మీ కార్డుతో వేడివేడి రోటిసరీ కోడి కొనకూడదు. అదే కోడి చల్లారి ఫ్రిజ్‌లోకి చేరాక కొనవచ్చు. హాస్టల్ గదుల్లో పొయ్యి పెట్టనివ్వరు. కోడి ఎన్ని గంటలకు చల్లారుతుందో ఒక సర్క్యులర్ ఇప్పిస్తే, పిల్లలు క్లాసులు చూసుకుని ఆ వేళకు వెళ్తారు.