భద్రక్ దాటితే మన డివిజనే

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని టీవీలో చెప్పగానే మా బాబాయ్ లుంగీ విప్పి ప్యాంటు వేసుకుంటాడు. ఎక్కడికీ వెళ్ళేది లేదు. డ్యూటీ ఎక్కాడన్నమాట.

బాబాయ్ ఖరగ్‌పూర్ కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాడు. చెవి దగ్గర ఫోను, ముందు చార్టు, చేతిలో పెన్సిలూ స్కేలూ. ఏ బండి ఏ స్టేషను ఎన్నింటికి దాటిందో గీత గీస్తూ జన్మంతా గడిపిన మనిషి. క్వార్టరు ఖాళీ చేసి సాలువా రోడ్డులో డాబా ఇల్లు కట్టుకున్నాక గీయడానికి బండ్లు లేకుండా పోయాయి. పిన్ని ప్రాణానికి తెరిపి దొరికిందనుకున్నాం. దేవుడు తుపాన్లనిచ్చాడు.

ఇలాంటి పెద్దమనిషి మా తెలుగువాళ్ళుండే ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు. మథురాకాఠీలో ఒకాయన, నింపురాలో ఒకాయన, ఓల్డ్ సెటిల్‌మెంటులో ఇద్దరు. బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) రోజుల్లో మా తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపు పనులకొచ్చి ఇక్కడ స్థిరపడ్డారు గానీ చుట్టాలందరూ లైను పొడుగునా మిగిలిపోయారు. పలాసలో అత్త, బరంపురంలో మేనకోడలు, కటక్‌లో వియ్యంకుడు. బంగాళాఖాతంలో పుట్టిన తుపాను ఎక్కడ తీరం దాటినా మాకు ఎవరో ఒక బంధువు నెత్తిమీదే దాటుతుంది. అందుచేత మాకు తుపానంటే వార్త కాదు, ఇంటి వ్యవహారం.

తుపాను దారి గీయడానికి బాబాయ్ పాత కంట్రోల్ చార్టు తిరగేసి వాడతాడు. ఎడమ పక్కన కింది నుంచి పైకి శ్రీకాకుళం రోడ్, పలాస, బరంపురం, ఖుర్దా రోడ్, కటక్, భద్రక్, బాలాసోర్, ఖరగ్‌పూర్. అడ్డంగా గంటలు. 2014 హుద్‌హుద్ విశాఖలోనే టెర్మినేట్ అయిపోయింది. 2018 తిత్లీ పలాస పక్కన దిగింది. 2019 ఫణి పూరీలో హాల్టు. 2020 ఆంఫన్ సెక్షనులోకి రాకుండానే సుందర్బన్స్ మీదకి డైవర్టయింది. అది బాబాయ్‌కి తీరని అవమానం. 2021 మే 26న యాస్ బాలాసోర్ దగ్గర తీరం దాటినప్పుడు మాత్రం ఆయన ముఖంలో మనవడు పుట్టిన కళ. "భద్రక్ దాటితే మన డివిజనేరా!" అని అందరికీ ఫోన్లు చేశాడు. అవతలివాళ్ళు అభినందించాలో భయపడాలో తెలియక "సరే" అన్నారు.

వాతావరణ శాఖ వాళ్ళ పటం చూస్తే మాత్రం ఆయనకి ఒళ్ళు మండుతుంది. తుపాను వెళ్ళే దారి ముందుకుపోయే కొద్దీ వెడల్పయిపోతూ ఉంటుంది కదా, అది. "ఇదేటిరా, గరాటా? బండి పూరీ అయినా వెళ్ళొచ్చు, కలకత్తా అయినా వెళ్ళొచ్చు అని మేం రాస్తే మా ఉద్యోగాలుండేవా?" తుపాను పట్టాల మీద నడవదని చెప్పి చూశాను. "అందుకే దానికి టైమింగ్ లేదు" అన్నాడు.

ఆయన నమ్మకాల విషయానికొస్తే, కలకత్తా ఆలీపూర్ వాతావరణ కేంద్రం చెప్పింది బెంగాలీలో వింటాడు, భువనేశ్వర్ చెప్పింది ఒడియాలో వింటాడు, విశాఖ చెప్పింది తెలుగులో వింటాడు. మూడూ విని మూడింటినీ నమ్మడు. పలాసలో ఉన్న బావకి ఫోను చేస్తాడు. "ఆకాశం ఎలాగుంది?" "బాగానే ఉంది." "మరి వీళ్ళు ఇలాగంటన్నారేటి?" బావ ఇంకో బావకి చేస్తాడు. కలైకుండా నుంచి వాయుసేన విమానాలు ఎగురుతున్నాయా లేదా అని చెవి రిక్కిస్తాడు. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఆయనకి కంఠతా. పదకొండో నెంబరంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. పిన్ని ఫోను ఎత్తకపోతే "మీ పిన్ని పదకొండో నెంబరు ఎగరేసిందిరా" అంటాడు.

షాలిమార్ యార్డులో బోగీలు దొర్లిపోకుండా చక్రాలని గొలుసులతో పట్టాలకి కట్టి తాళాలు వేసిన ఫొటో ఆంఫన్ నుంచీ ఆయన సెల్లులో ఉంది. "డిపార్ట్‌మెంటు అంటే అదీ" అంటాడు. ఆ స్ఫూర్తితో తన స్కూటరుకి సైకిలు గొలుసు చుట్టి గేటు స్తంభానికి కట్టేస్తాడు. తుపాను వెళ్ళిపోయాక తాళంచెవి కనపడదు. వెతికేది నేను.

గోల్ బజారుకి పరిగెత్తేదీ నేనే. కొవ్వొత్తులు, బ్యాటరీలు, బ్రెడ్డు, ముడి (మరమరాలు), బంగాళాదుంపలు. బెంగాలీ ఇరుగుపొరుగు తుపానంటే ఖిచిడీకి పప్పూ గుడ్లూ కొనుక్కుంటారు. మాకు మాత్రం ముట్టడి సరంజామా. ఫణికి కొన్న కొవ్వొత్తులు మా అమ్మ ఇప్పటికీ కరెంటు పోయినప్పుడల్లా వెలిగిస్తూ బాబాయ్‌కి దండం పెడుతుంది. దండంలో వెటకారం ఎంతో నేను చెప్పను.

ఇంత శాస్త్రమూ సముద్రం మీంచి వచ్చేవాటికే. ఎండాకాలం సాయంత్రాల్లో వాయవ్యం నుంచి విరుచుకుపడే కాలబైశాఖి అంటే బాబాయ్‌కి లెక్కే లేదు. అది బాలాసోర్ లైనులో రాదు, టాటా లైను వైపు నుంచి వస్తుంది. ఛోటానాగ్‌పూర్ పీఠభూమి ఎండకి పుట్టి, కింద బంగాళాఖాతం తేమ తాగి, పైన పడమటి పొడిగాలి తోడై, పదిహేను కిలోమీటర్ల ఎత్తు మేఘమై లేచి, రెండు మూడు గంటల్లో మా డాబా మీదుంటుంది. ఐదు రోజుల ముందు పటం ఉండదు. పేరుండదు, నెంబరుండదు. "పేరు లేనిదానికి లైన్ క్లియరేటి?" అంటాడు.

అలాంటి మేఘాల్లోనే ఎప్పుడో ఒకటి తోక దించుతుంది. 1998 మార్చి 24న దాంతన్ దగ్గర దించింది. దాంతన్ ఎక్కడో లేదు, బాబాయ్ చార్టు మీద రోజూ గీత గీసిన బాలాసోర్ లైనులోని స్టేషనే. బెంగాల్, ఒడిశా సరిహద్దు పల్లెల్లో వందమందికి పైగా పోయారు. టోర్నడో వెడల్పు కొన్ని వందల మీటర్లు, ఆయుష్షు కొన్ని నిమిషాలు. ఫలానా ఊరిమీద ఫలానా టైముకని ముందురోజు చెప్పగలిగినవాడు లేడు. మన వాతావరణ శాఖ చేయగలిగింది మూడు గంటలకి చెల్లే కబురు: ఫలానా జిల్లాలో పిడుగులు, ఇంత వేగంతో ఈదురుగాలులు, పసుపో నారింజో ఎరుపో ఒక రంగు. ఐదు రోజుల గడువిచ్చే తుపానుకి ఐదు రోజులూ కంగారుపడతాం. గంట గడువిచ్చేదానికి అసలు పడం. కంగారుపడటానికీ తీరిక కావాలి.

బాబాయ్ తుపాను పిచ్చి వయసు తెచ్చిన జబ్బనుకునేవాణ్ణి, రక్తంలోనిదని 2019 అక్టోబరులో తేలింది. బాబాయ్ కొడుకు డాలస్‌లో ఉంటాడు. అక్కడ ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం సైరన్లు మోగించి పరీక్షిస్తారు. ఆ అక్టోబరు 20 ఆదివారం రాత్రి నిజంగానే మోగాయి. ఉత్తర డాలస్ మీద ఈఎఫ్-3 టోర్నడో ఇళ్ళూ బళ్ళూ కూల్చుకుంటూ పోయింది, ప్రాణనష్టం లేకపోవడం అదృష్టం. అక్కడ రాత్రి తొమ్మిది, ఇక్కడ పొద్దున్న ఏడున్నర. కోడలు పిల్లల్ని తీసుకుని మెట్లకింది అలమరలో దూరింది. వీడు గ్యారేజీ ముందు నిలబడి తండ్రికి వీడియో కాలు చేశాడు. "నాన్నా, సైరన్ వినపడతందా?" "వినపడతంది గానీ ఏటీ కనపడటం లేదురా, ఫోను కొంచెం ఎడంపక్కకి తిప్పు." తండ్రీకొడుకులు అలా చీకట్లోకి చూస్తుంటే, పిన్ని వెనకనుంచి ఫోను లాక్కుని వాణ్ణి తిట్టిన తిట్లకి ఆ కాలు అక్కడితో ముగిసింది.

బాబాయ్ ఏమీ చెయ్యడనడం అన్యాయం. కబురు రాగానే అందరికీ చేరవేస్తాడు. చుట్టాల వాట్సాప్ గ్రూపుకి ఆయన పెట్టిన పేరు "కంట్రోల్". మెసేజి పెట్టాక ప్రతివాళ్ళూ "నోటెడ్" అని జవాబివ్వాలి. ఇవ్వనివాళ్ళకి ఫోను చేసి అడుగుతాడు. అందరూ నోటెడ్ అన్నాక ఆయన మనసుకి తుపాను ఆగిపోయినట్టే. నవ్వుతాం గానీ, ఆ గ్రూపులో ముందుగా "నోటెడ్" కొట్టి కిటికీ తలుపు వేయకుండా కూర్చునేవాళ్ళలో నేనూ ఉంటాను. పటంలో ఆ రంగుల సుడి తిరుగుతుంటే కళ్ళు తిప్పుకోవడం కష్టం.

మొన్న ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం బాబాయ్ ఇంట్లో ఉన్నాను. డాబా మీద పాత చీర పరిచి పిన్ని పొద్దున్నే గుమ్మడి వడియాలు పెట్టింది, పక్కన చాపమీద ఎండుమిరపకాయలు. మూడున్నరకి బాబాయ్ సెల్లు కూసింది. నారింజ రంగు. రెండు గంటల్లో పిడుగులు, గంటకి అరవై కిలోమీటర్ల గాలులు. బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని అది గ్రూపులో వేసి, డాబా ఎక్కి, దక్షిణం వైపు సముద్రానికేసి చూశాడు.

"సుబ్బరంగా ఉందిరా. అనవసరంగా భయపెడతారు."

ఆయన వెనక వాయవ్యం దిక్కు కాకరకాయ రంగుకి తిరిగింది. గాలి చప్పున ఆగిపోయింది. సాలువాలో రైఫిల్స్ దళం క్వార్టర్ల వైపు కాకులు ఒక్కసారిగా లేచాయి. పిన్ని ఎప్పుడొచ్చిందో, మిరపకాయలు చాపతో సహా చుట్టి చంకలో పెట్టుకుంది. వడియాల చీర రెండు కొసలు తను పట్టుకుని, రెండు కొసలు నాకందించింది. మేం మెట్లు దిగుతుంటే బాబాయ్ ఇంకా "నోటెడ్"లు లెక్కపెడుతున్నాడు. కటక్ వియ్యంకుడిదొక్కటీ రాలేదు.

తరవాత జరిగింది పావుగంట. స్కూటరు షెడ్డు రేకు లేచిపోయి ఎదురింటి మామిడిచెట్టులో ఇరుక్కుంది. స్కూటరు మాత్రం కదల్లేదు, యాస్ నాటి గొలుసు విప్పనేలేదు కాబట్టి. బాబాయ్ తడిసి ముద్దై మెట్లమీద కూర్చుని తువ్వాలుతో సెల్లు తుడుచుకుంటూ గ్రూపులో టైపు చేశాడు: "4.20కి సాలువా దాటింది. రైట్ టైమ్. అందరూ ఎక్‌నాలెడ్జ్ చెయ్యండి."

పిన్ని మంచం మీద వడియాలు విడదీసి సర్దుతోంది. తల ఎత్తకుండానే అంది, "వడియాలు ఎవరు దింపేరో కూడా రాయమను. దానికీ అందరూ నోటెడ్ పెట్టాల. ముందు ఆయన్ని పెట్టమను."