రెండు లైన్లు చదవలేక

అమెరికా ప్రేక్షకుడి మీద హాలీవుడ్‌కు ఉన్నంత జాలి కన్నతల్లికి కూడా ఉండదేమో. కార్లు గాల్లో పేలినా, తలకాయలు తెగిపడినా బిడ్డ తట్టుకుంటాడట. తెర అడుగున రెండు లైన్ల అక్షరాలు కనబడితే మాత్రం బెంబేలెత్తిపోతాడట!

2008లో తోమాస్ అల్ఫ్రెడ్‌సన్ తీసిన స్వీడిష్ సినిమా ‘లెట్ ద రైట్ వన్ ఇన్’ ఈ జాలికి బలైపోయింది. మూలం జాన్ అజ్విదే లిండ్‌క్విస్ట్ 2004లో రాసిన నవల. కథ జరిగేది 1980ల మొదట్లో, స్టాక్‌హోమ్ శివారు బ్లాకెబెర్గ్‌లో. పన్నెండేళ్ల ఆస్కార్‌ను బడిలో రోజూ కుళ్లబొడుస్తారు. వాడు తిరిగి ఏమీ అనలేక, చీకటి పడ్డాక చెట్టును కత్తితో పొడుస్తుంటాడు. పక్క వాటాలోకి ఏలీ దిగుతుంది. తనకూ పన్నెండేళ్లే, కాకపోతే చాలా కాలంగా పన్నెండేళ్లే. నెత్తురు తాగి బతుకుతుంది. వీళ్లిద్దరి ప్రేమకథలో మంచు ఎక్కువ, మాటలు తక్కువ. చదవాల్సింది మాత్రం ఎంతని?

ఆ కాస్తా ఎందుకని సినిమా వేడి చల్లారకముందే, 2010లో, మాట్ రీవ్స్ ఇంగ్లిష్‌లో ‘లెట్ మీ ఇన్’ తీసిపెట్టాడు. ఆస్కార్ ఓవెన్ అయ్యాడు, ఏలీ అబ్బీ అయింది, బ్లాకెబెర్గ్ మంచంతా న్యూ మెక్సికోలోని లాస్ అలమోస్‌లో కురిసింది. చెడు అంటే ఏమిటో అర్థం కాదేమోనని టీవీలో రేగన్ చేత ప్రసంగం కూడా ఇప్పించారు. దుష్ట సామ్రాజ్యం గురించి అధ్యక్షుడే చెప్పాక ఇంక అనుమానమెందుకు?

అసలు ఘనకార్యం ఫొటోలది. ఏలీ కోసం హత్యలు చేసే నడివయసు మనిషి ఆమెకు ఏమవుతాడో స్వీడిష్ సినిమా చెప్పదు. ఆస్కార్ కూడా రేపు ఇలాగే తయారవుతాడా అన్న గుబులు మనకే పుట్టాలి, పుడుతుంది. రీమేక్‌లో అబ్బీ పక్కన ఆ మనిషి చిన్నపిల్లాడిగా ఉన్న పాత ఫొటోల పట్టీ ఓవెన్ కంట పడుతుంది. గుబులు పోయింది, జవాబు దొరికింది. పరీక్ష హాల్లో స్లిప్ అందించినట్టు! (న్యాయంగా చెప్పాలంటే, అసలు సినిమాలో పిల్లులు మీదపడే సీన్ చూడలేం. దాన్ని తీసేసి రీమేక్ పుణ్యం కట్టుకుంది.)

మనమూ తక్కువ తినలేదు. 2013 డిసెంబరులో వచ్చిన మలయాళ ‘దృశ్యం’ మరుసటి ఏడాది జులైకల్లా వెంకటేశ్‌తో తెలుగులో తయారు. కానీ మన నిర్మాతలు ఇది మీ మేలు కోసమేనని బుకాయించరు, డబ్బు కోసమని ఒప్పుకుంటారు. హాలీవుడ్‌కు ఆ డబ్బూ రాలేదు. రీమేక్‌కు దాదాపు 2 కోట్ల డాలర్లు పోస్తే, అమెరికాలో రాలింది కోటీ 20 లక్షలు.

చదివేవాళ్లనూ వదల్లేదు. 2009లో అమెరికాలో వచ్చిన స్వీడిష్ సినిమా డీవీడీలో సబ్‌టైటిళ్లను నీళ్లలా పల్చన చేసి పెట్టారు. జనం గగ్గోలు పెట్టాక థియేటర్లో వేసినవే మళ్లీ వేశారు. అంటే బిడ్డకు అక్షరాలు వచ్చు, తేడా కూడా తెలుసు! అయినా జాలి తగ్గలేదు. 2022లో అదే కథను న్యూయార్క్‌కు లాక్కొచ్చి టీవీ సిరీస్ చేశారు. ఒక్క సీజన్‌తో మూతపడింది.

ఆ స్వీడన్ పిల్లలిద్దరూ మాత్రం, మధ్యలో గోడ ఉందని మాటలు మానుకోలేదు. కూర్చుని మోర్స్ కోడ్ నేర్చుకున్నారు.