మిల్లీసెకను మహర్షి

పోస్ట్‌డాక్ అంటే డాక్టరేట్‌కీ ఉద్యోగానికీ మధ్య వచ్చే ఒక అవస్థ. అందులోనూ లోహాలు గడ్డకట్టే తీరును కంప్యూటర్లో సిమ్యులేట్ చేసే పోస్ట్‌డాక్‌లది వేరే జాతి. అమెరికాలో ఇంజినీరింగ్ విభాగాల్లో వెతికితే, కిటికీ లేని గదిలో రెండు మానిటర్ల ముందు ఒకడు దొరుకుతాడు. నేనెరిగినవాడిది తెనాలి.

వాడి లోకం చాలా చిన్నది. 3డి ప్రింటర్లో ఇంజను భాగాలు చెయ్యడానికి 40 మైక్రాన్ల మందాన లోహప్పొడి పరుస్తారు. దానిమీద సెకనుకు మీటరు చొప్పున లేజర్ పరుగెడుతుంది. పొడి కరిగిన చోట ఓ బుల్లి మడుగు కడుతుంది, మిల్లీసెకను తిరిగేలోపు గట్టిపడిపోతుంది. సెకనుకు 10 లక్షల డిగ్రీల వేగంతో చల్లారడం అక్కడ వింతేమీ కాదు. ఆ కాస్త వ్యవధిలోనే స్ఫటికాలు కొమ్మలేసి పెరుగుతాయి. ఇన్‌కొనెల్ 718 అనే మిశ్రలోహమైతే కొమ్మల సందుల్లో నయోబియం పోగై పెళుసుదనం తెస్తుంది. మావాడు లెక్కగట్టేది ఆ కొమ్మల్నే. లోహం మిల్లీసెకనులో కానిచ్చేసే పనికి కంప్యూటర్ క్లస్టర్‌కి వారం పడుతుంది. అదీ క్యూలో వంతు వచ్చాక.

ఆదివారం ఆదివారం వాళ్లమ్మ ఫోన్ చేస్తుంది.

"ఏరా, ఆ లోహం గడ్డకట్టిందా?"

"లేదమ్మా, క్యూలో ఉంది."

"ఇంజనంతా లెక్క కట్టాలా ఏం?"

"అక్కర్లేదు, ఇసుక రేణువంత ముక్క చాలు. అన్నం ఉడికిందో లేదో నువ్వు ఒక్క మెతుకు పట్టి చూడవూ?"

"మరి ఆ మెతుక్కి మూడేళ్లా?"

2024 మే 30న శ్రీహరికోట నుంచి అగ్నికుల్ అనే కంపెనీ వాళ్ల రాకెట్ 3డి ప్రింటెడ్ ఇంజనుతో ఎగిరింది. "ఇది మావాడి సబ్జెక్టే" అని వాళ్ల నాన్న వీధంతా చెప్పుకొచ్చాడు. పెళ్లిళ్ల పేరయ్య ఊరుకుంటాడా, బయోడేటాలో "రాకెట్ ఇంజన్ల తయారీ" అని ఎక్కించేశాడు. వీడైనా ఊరుకోవచ్చుగా! వీడియో కాల్‌లో పిల్ల తండ్రికి వివరించాడు:

"నేను తయారు చెయ్యనండీ. తయారయ్యేటప్పుడు లోపల ఏం జరిగి ఉంటుందో ఊహిస్తాను."

"ఊహించడానికి జీతమిస్తారా బాబూ?"

"ఏడాదికోసారి పొడిగిస్తారండీ."

కాల్ కట్టయింది. సిగ్నల్ సమస్యేనని వాడు ఇప్పటికీ నమ్ముతాడు.

అసలు సంగతేమిటంటే, కరిగిన లోహాన్ని వాడెన్నడూ కళ్లారా చూడలేదు. ప్రింటర్ గది తాళం కింది అంతస్తులోని ప్రయోగాలవాడి దగ్గరుంటుంది, వాడికీ వీడికీ ఉప్పూ నిప్పూ. ఆమధ్య ఆ మహానుభావుడు నమూనాను కోసి, సానబట్టి, ఆమ్లం రాసి, మైక్రోస్కోపు కింద ఫొటో తీసి పంపాడు. లెక్కలో కొమ్మలు నిటారుగా ఉన్నాయి. ఫొటోలో ఓ పక్కకి ఒరిగాయి.

మావాడు కంగారుపడలేదు. లేజర్ వేడిలో లోహం ఎంత పీల్చుకుంటుందనే అంకెను కాస్త జరిపాడు. ఈ వృత్తిలో చాలామందికి ఆ అంకే ఆపద్బాంధవుడు. కొమ్మలు లావెక్కాయి గానీ ఒరగలేదు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత కిందికి ఫోన్ చేశాడు.

"సిమ్యులేషన్ బ్రహ్మాండంగా ఉందోయ్. మీరా పొడి ఎక్కడ కొన్నారు?"