తాళం వేసి వదిలేశారు: ఒక ఆఫీసు కంప్యూటర్ ఆత్మకథ

నేనొక డెస్క్‌టాప్ కంప్యూటర్‌ని. 2014లో పుట్టాను. నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్, నాలుగు ర్యామ్ స్లాట్లు, వాటిలో ఒకే ఒక్క 4 జీబీ ర్యామ్. నా పుట్టుక గురించి ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు.

వంశం గురించి మాత్రం చెప్పుకోవాలి. 1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని లోకానికి చూపించింది. అందులో అన్నిటికన్నా చవక రకానికి ఉన్న మెమరీ 16 కిలోబైట్లు. బయాస్ అనే చిన్న ప్రోగ్రామ్ దానిలోనూ ఉంది, నాలోనూ ఉంది. స్విచ్ నొక్కగానే అందరికన్నా ముందు లేచేది అదే. కీబోర్డు ఉందా, ర్యామ్ బాగుందా, డిస్క్ ఎక్కడుంది అని చూసుకుని, ఆ తర్వాతే విండోస్‌నో లినక్స్‌నో లేపుతుంది. బయాస్ తలుపు తీయకపోతే నాలో ఎంత సత్తువ ఉన్నా పనికి రాదు.

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డులో, మారతహళ్లి వైపు ఒక ఆఫీసులో చేరాను. మొదటి రోజే సిస్టమ్ అడ్మిన్ వచ్చి బయాస్‌కు పాస్‌వర్డ్ పెట్టాడు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాకుండా ఆపాడు. ఎవరైనా మూత తీస్తే హెచ్చరిక వచ్చేలా చేశాడు. నేను దాన్ని తప్పు పట్టను. నా డిస్క్‌లో ఊరూపేరూ తెలియని వేలమంది లెక్కలుండేవి. వాటికి కాపలా కావాలి. ఆ తాళం నాకు గౌరవం.

నా ముందు కూర్చున్న పిల్లల్లో చాలామంది మనవాళ్లే. కర్నూలు, నెల్లూరు, అనంతపురం. రాత్రి షిఫ్టులో ఫోను చెవిన పెట్టుకుని, "తిన్నానమ్మా, నువ్వు పడుకో" అంటూనే నా మీద టకటకా కోడ్ రాసేవాళ్లు. ఊళ్లో ఇంటి అప్పు తీర్చిన వాళ్లున్నారు, చెల్లెలి పెళ్లి చేసిన వాళ్లున్నారు. ఆ కష్టంలో నాకూ వాటా ఉందని ఇప్పటికీ అనుకుంటాను.

2020 మార్చిలో కరోనా వచ్చి ఆఫీసు ఖాళీ అయింది. అందరికీ ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. నన్ను స్టోర్ రూమ్‌కు చేర్చారు. ఒకదాని మీద ఒకటి పేర్చిన మా మీద దుమ్ము పేరుకుంది. ఫ్యాన్ రెక్కల్లో సాలీడు గూడు కట్టింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ ఒక్కటే నా గడియారాన్ని నడిపిస్తూ ఉండేది. ఎవరికీ అక్కర్లేని టైమును నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

చివరికి ఒకరోజు మూత తీశారు. హార్డ్ డిస్క్ ఊడదీసి పక్కన పెట్టారు. అది సరైన పనే, డేటా బయటికి పోకూడదు. కానీ తాళం? పాస్‌వర్డ్ తెలిసిన అడ్మిన్ ఎప్పుడో ఉద్యోగం మారిపోయాడు. దాన్ని తీసేయాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. కాపాడవలసిన డేటా పోయింది, తాళం మిగిలింది. అలాగే లాట్‌లో కట్టి పాతసామాన్ల గుజరీకి అమ్మేశారు. నా పక్కనున్న కొన్నిటిని రాగి కోసం, రేకుల కోసం పగలగొట్టారు. అవి చెడిపోయినవి కావు. నాతో సమానంగా పనిచేయగలవి.

నేను టౌన్‌హాల్ దగ్గరున్న ఎస్పీ రోడ్డులో, ఒక కొట్టు అరుగు మీద తేలాను. కదిరి నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదువుకుంటున్న అమ్మాయి నన్ను బిల్లుతో కొనుక్కుంది. కె.ఆర్.పురంలో వాళ్ల అద్దె గదికి తీసుకెళ్లి, కొత్త ఎస్ఎస్‌డీ బిగించి, పెన్‌డ్రైవ్ పెట్టింది. నేను చదవలేదు. సెట్టింగుల్లోకి వెళ్లబోతే పాస్‌వర్డ్ అడిగాను. అడగకుండా ఉండడం నా చేతుల్లో లేని పని.

ఎవరో చెప్పారని బ్యాటరీ తీసి, కాసేపాగి పెట్టింది. తారీఖు వెనక్కి పోయింది, పాస్‌వర్డ్ పోలేదు. పాత బోర్డుల్లో పాస్‌వర్డ్ బ్యాటరీ మీద బతికే సీమాస్ మెమరీలో ఉండేది. నాలాంటి ఆఫీసు మెషిన్లలో అది కరెంటు లేకపోయినా చెరగని వేరే చిప్‌లో ఉంటుంది. పైగా మూత తీసినందుకు ప్రతిసారీ తెర మీద హెచ్చరిక. దాన్ని తుడవాలన్నా సెట్టింగుల్లోకే వెళ్లాలి.

మెమరీ పెంచితే మేలని చవకగా దొరికిన ర్యామ్ కొని తెచ్చింది. అది సర్వర్లలో వాడే రకం. అదీ డీడీఆర్3నే కాబట్టి స్లాట్‌లో చక్కగా దిగింది. కానీ దాని మధ్యనుండే అదనపు చిప్ భాష నా ప్రాసెసర్‌కు రాదు. బీప్, బీప్ అని అరిచాను. తెర నల్లగానే ఉంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ డబ్బు వాళ్ల నాన్న క్యాబ్ తోలి ఇచ్చింది.

మళ్లీ ఎస్పీ రోడ్డుకే మోసుకొచ్చింది. మేడ మీద చిన్న గదిలో హిందూపురం మెకానిక్ ఒకాయన ముందు అడిగిన మాట, "బిల్లుందా పాపా?"

"ఉందన్నా."

"సరే. తాళం పడిన మెషినంటే ముందు ఎవరిదో తెలుసుకోవల్ల. బ్యాటరీ తీస్తే పోయేది కాదు ఇది."

పవర్ తీగ పీకేసి, టార్చి వేసి బోర్డంతా వెతికాడు. పాస్‌వర్డ్ అని పొట్టిగా అచ్చేసిన చోట రెండు పిన్నుల మీద చిన్న ప్లాస్టిక్ టోపీ. జంపర్ అంటారు. దాన్ని తీసి నన్ను ఆన్ చేశాడు. ఇన్నేళ్ల తాళం ఊడిపోయింది. ఆపి, జంపర్ మళ్లీ తొడిగి, పెన్‌డ్రైవ్ బూట్‌కు అనుమతిచ్చి, మూత హెచ్చరిక తుడిచేశాడు.

సర్వర్ ర్యామ్ వెనక్కి ఇప్పించి, డెస్క్‌టాప్ రకం 8 జీబీవి రెండు, డీడీఆర్3, 1600 వేగంవి తెప్పించాడు. పాత ర్యామ్ తీసేసి, రెండింటినీ ఒకే రంగు స్లాట్లలో రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కాడు. అలా జతగా పెడితే రెండు దారుల్లో ఒకేసారి డేటా నడుస్తుంది. 16 జీబీ! మా మూలపురుషుడి కన్నా పది లక్షల రెట్లకు పైనే.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11 నా తరం ప్రాసెసర్‌ను ఒప్పుకోదు. అందుకని ఆమె లినక్స్ వేసింది. పైథాన్ నేర్చుకుంటోంది. నేను మళ్లీ పనిలో ఉన్నాను.

నా మాట ఒక్కటే. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం పెద్ద సంస్థలు మమ్మల్ని నమోదైన ఉత్పత్తిదారులకో రిఫర్బిషర్లకో రీసైక్లర్లకో మాత్రమే ఇవ్వాలి. ఇచ్చేముందు డిస్క్ తుడిచినట్టే బయాస్ పాస్‌వర్డ్ కూడా తీసేయండి. అది తెలిసిన మనిషి ఉద్యోగం మానకముందే రాసి పెట్టించుకోండి. మీకు రెండు నిమిషాల పని. బతికున్న కంప్యూటర్ పగిలిపోకుండా ఉండాలంటే, దాన్ని కొన్న పేదపిల్ల డబ్బు వృథా కాకుండా ఉండాలంటే, ఆ రెండు నిమిషాలు చాలు.