‘ఫో థీ చావ్ అన్ జోయ్ ఆ’: సటీక తాత్పర్యం

అవతారిక: హనోయి నగరం, పొద్దుటి పూట. వీధి వారగా పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళు, గుండిగలో కాగుతున్న ఎముకల పులుసు. దారిన పోతున్న పక్కింటి కుర్రవాణ్ణి చూసి ఒక అవ్వ “ఫో తిన్నావా నాయనా?” అంది. ఇది ప్రశ్న కాదు, పలకరింపు. మనం “భోజనమయిందా?” అన్నట్టే వాళ్ళూ “అన్నం తిన్నావా?” అని పలకరించుకుంటారు. కుర్రవాడు ఆరు మాటల్లో జవాబిచ్చాడు. ఆ ఆరింటికే ఈ వ్యాఖ్య. కవి ఎవరని అడగవద్దు. ఆ ఊళ్ళో రోజూ ఎవరో ఒకరు అనగల మాటే. కాళిదాసుకు టీక రాసిన మన మెతుకుసీమ మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన పెద్దవాడు, ఆయనకు చెల్లింది. ఈ వ్యాఖ్యాత రెండూ చేస్తాడు.

మూలం: ఫో థీ చావ్ అన్ జోయ్ ఆ.

ఛందస్సు: ఆరు పదాలు, ఆరే అక్షరాలు. వియత్నాం భాషలో పలికే ప్రతి అక్షరానికీ ఒక స్వరం ఉంటుంది. ఉత్తరాదివారికి అవి ఆరు. మన వాక్యంలో వాటిలో అయిదు వినిపిస్తాయి, ‘ఙా’ అనే స్వరం ఒక్కటే లోపించింది. ఆరు అక్షరాల పాదం కనుక ఇది వాళ్ళ జాతీయ ఛందస్సు ‘లుక్ బాత్’లో మొదటి పాదమేమోనని ఆశ పుడుతుంది. ఙుయెన్ జూ అనే కవి కియేవ్ కథను 3254 పాదాల్లో నడిపింది ఆ ఛందస్సులోనే. ఆరక్షరాల పాదంలో రెండో స్థానాన సమస్వరం, నాలుగున విషమం, ఆరున మళ్ళీ సమం ఉండాలి. ఇక్కడ రెండోది కుదిరింది, తక్కిన రెండూ తప్పాయి. ఛందోభంగం. ఖాళీ కడుపున లేడు గనక కవిని క్షమించవచ్చు.

ప్రతిపదార్థం: ఫో = బియ్యప్పిండి సేమ్యా వేసిన మాంసపు పులుసు; థీ = అయితే; చావ్ = మనవడు, అనగా నేను; అన్ = తిను; జోయ్ = అయిపోయింది; ఆ = అండీ.

‘చావ్’కు మన చావుతో ఏ సంబంధమూ లేదు. వియత్నాంలో నేను, నువ్వు అన్నచోట చుట్టరికాలే నడుస్తాయి. అవతలామె ‘బా’, అంటే అవ్వ అయినప్పుడు మాట్లాడేవాడు మనవడే కావాలి. ‘నేను’ అనడానికి ‘తోయ్’ అని ఒక మాట ఉంది గానీ, అవ్వ ముందు వాడితే పెడసరంగా ఉంటుంది. ‘జోయ్’ అనేది రాతలో ‘రోయ్’, హనోయి నోట ‘జోయ్’.

‘అన్’ తినని పదార్థం లేదు. దెబ్బలు తింటారు, లంచాలు తింటారు. ఇంతవరకు మనమూ తోడున్నాం. వాళ్ళు తేత్ పండుగను కూడా తింటారు. ఫొటోలో అందంగా పడ్డవాళ్ళను ‘ఫొటో తింటారు’ అంటారు. ఇంత తిన్నా ఆ క్రియ ఒళ్ళు మారదు. తిన్నాను, తింటావు, తింటుంది, అన్నీ ‘అన్’ ఒక్కటే. నామానికి విభక్తి లేదు, క్రియకు పురుష లేదు, కాలం లేదు. తెలుగులో ‘పులిని మేక తినేసింది’ అన్నా, ‘మేక పులిని తినేసింది’ అన్నా పోయింది పులే. ‘ని’ ఉంది కాబట్టి ధైర్యం. వాళ్ళకా ధైర్యం లేదు. తినేవాడు క్రియకు ముందు, తిండి వెనక ఉండాలి. తారుమారైతే ప్రాణాలమీదికి వస్తుంది.

ఆక్షేపణ: అలాగైతే ‘ఫో’ మొదట ఉన్నది కదా, ఫోయే మనవణ్ణి తిన్నదా?

సమాధానం: కాదు. క్రియకు ఆనుకుని ముందున్నది ‘చావ్’, తిన్నది వాడే. ఫో తన వెనకచోటు వదిలి ముందుకు వచ్చి కూర్చుంది, ‘థీ’ దాని పక్కన చేరింది. ‘ఫో అన్ చావ్’ అని ఉంటేనే పోలీసులను పిలవాలి.

ఇక ‘థీ’. ఈ వ్యాఖ్య అంతా దీనికోసమే. దీనికి మన ‘అయితే’ కంటే దగ్గర మాట దొరకదు. ‘ఫో అయితే తిన్నాను’ అనడానికీ ‘థీ’యే, ‘వానయితే ఇంట్లో ఉంటాను’ అనడానికీ ‘థీ’యే. ముందు ఒకటి ఒప్పుకో, తర్వాత సంగతి చెబుతాను అనడం రెండుచోట్లా ఉన్న పని. తెలుగుకూ ఆ భాషకూ చుట్టరికం లేదు. ఉన్నదల్లా మన ఉత్తరాంధ్ర కొండల్లోని సవర భాషకు. రెండూ ఆస్ట్రోఏషియాటిక్ అనే ఒకే కుటుంబంలోవి, అదీ దూరపు దాయాదులే. గిడుగు రామమూర్తి పంతులు సవరకు రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది.

నొక్కి చెప్పాలంటే గొంతు పెంచవచ్చు కదా అంటారేమో. మనకు చెల్లుతుంది. వాళ్ళకు స్వరం మారితే అర్థమే మారిపోతుంది. ‘మ’ అనే అక్షరం స్వరాన్ని బట్టి దయ్యమవుతుంది, సమాధి అవుతుంది, వరి నారు అవుతుంది. గొంతుకు స్వేచ్ఛ తక్కువ కాబట్టి ఆ బరువు చాలావరకు మాటల వరుస, చిన్న చిన్న అవ్యయాలు మోస్తాయి. పాఠాంతరాలు చూస్తే ఇది తేలుతుంది.

పాఠాంతరాలు: ‘చావ్ అన్ ఫో జోయ్ ఆ’ అని ఒక పాఠం. సాదా వార్త, రసం లేదు. ‘చింగ్ చావ్ అన్ ఫో ఆ’ అని మరొకటి. గిన్నె ఖాళీ చేసిందెవరని నిలదీసినప్పుడు ‘నేనేనండీ’ అని ఒప్పుకునే పాఠం ఇది. మన ఏకారం మాట వెనక తగులుకుంటుంది, వాళ్ళ ‘చింగ్’ ముందు నిలబడుతుంది. ఇక ‘ఫో చావ్ కుంగ్ అన్ జోయ్ ఆ’ అన్నామా, ఫో కూడా తినేశానని. ఇందులో చమత్కారమేమంటే ‘కూడా’ అనే ‘కుంగ్’ ఫో పక్కన కాక క్రియ పక్కన కూర్చుంటుంది. ఈ పాఠం తీసుకుంటే ఇడ్లీ, ఉప్మా మొదలైన సమస్తం అయ్యాక ఫో కూడా అయిందని అర్థం. అవ్వకు ఇక పెట్టడానికేమీ మిగలదు. కనుక ‘థీ’ పాఠమే సాధువు.

పూర్వపక్షం: ముఖ్యమైనది కనుకనే ఫోను ముందు పెట్టారు అని కొందరు.

సిద్ధాంతం: పొరపాటు. ఫో సంగతి ఎత్తింది అవ్వ. తెలిసిన దానిలో కొత్త ఏముంటుంది? ముందు పీట వేస్తారు, తర్వాత వడ్డిస్తారు. ఫో పీట, వడ్డన ‘అన్ జోయ్’. ఫ్రెంచి వ్యాకరణాల ఒరవడిలో ప్రతి వాక్యంలోనూ కర్తను వెతికే పద్ధతి వియత్నాంలో చాలాకాలం సాగింది. దాన్ని కావ్ సువాన్ హావ్ అనే పండితుడు 1991లో తన వ్యాకరణ గ్రంథంలో గట్టిగా ఖండించాడు. దోస్తోయెవ్‌స్కీ ‘నేరము – శిక్ష’ను తన భాషలోకి తెచ్చినవాడు కూడా ఆయనే. వాక్యానికి ‘డే’, ‘థుయెత్’ అనే రెండు భాగాలే అసలైనవన్నాడు: ఎత్తుకున్న సంగతి, దాని గురించి చెప్పే మాట. అతుకు ఎక్కడుందో తెలియకపోతే ‘థీ’ గానీ ‘లా’ గానీ పెట్టి చూడు, ఎక్కడ పడితే అదే అతుకు అన్నాడు. బడిపుస్తకాలు ఇలా ముందుకొచ్చిన మాటను ‘ఖోయ్ ఙూ’ అంటాయి. మూలంలో లోపించిన ‘ఙా’ స్వరం ఈ పేరులోని ‘ఙూ’ మీద ఉంది. వ్యాఖ్యాతకు ఇంతకంటే పుణ్యం ఏం కావాలి?

విశేషం: చోటు మారితే కాలం కూడా మారుతుంది. ‘బావ్ జో బా వే?’ అంటే అవ్వ ఎప్పుడొస్తుంది? ‘బా వే బావ్ జో?’ అంటే అవ్వ ఎప్పుడొచ్చింది? ఎప్పుడు అనే మాట ముందుంటే రాబోయేది, చివరుంటే అయిపోయింది. క్రియ మీద ఒక్క గీత కూడా పడలేదు.

తాత్పర్యం: “అవ్వా, ఫో అయితే తిన్నానండీ.” వాచ్యార్థం ఇంతే. ధ్వని వేరు. ఫోను వేరుచేసి ఎత్తి ‘థీ’ తగిలించగానే, ఫో కానిది ఏదో మిగిలిందని అవ్వకు తోస్తుంది. అది కాఫీ అని వ్యాఖ్యాత నిశ్చయం. ప్రపంచంలో బ్రెజిల్ తర్వాత కాఫీ ఎక్కువ పండించే దేశంలో, పొద్దుటిపూట, ఫో తిన్నవాడికి ఇంకేం కొరత ఉంటుంది? కుర్రవాడు కాఫీ అన్న మాటే ఎత్తలేదు. అవ్వకు అర్థమైపోయింది.

మనవి: హనోయి వెళ్ళే తెలుగువారు, కడుపు నిజంగా నిండి ఉంటే, ఫో పక్కన ‘థీ’ పెట్టకండి. ‘కుంగ్’ వాడండి. చివర ‘ఆ’ మాత్రం మరవకండి.