కోట్టకుప్పం దాటని తుపాకీ

నేను కాన్పూరు ఆర్డ్‌నెన్సు ఫ్యాక్టరీ సరుకుని. పాయింట్ ముప్పైరెండు రివాల్వర్ని, ఆరు తూటాలు పడతాయి. గొళ్ళెం తీసి గొట్టాన్ని కిందికి వంచితే నడుం విరిగినట్టు తెరుచుకుంటాను. ఆరు తూటాలూ ఒక్కసారే పైకి లేస్తాయి. మనిషిని కాల్చే పని ఇంతవరకు పడలేదు. యుద్ధమంతా తుప్పుతోనే. పుదుచ్చేరిలో ఉప్పుగాలి బీరువాలోకి కూడా దూరుతుంది. అందుకని మా షావుకారు పాత పంచె ముక్కకు నూనె రాసి నన్ను తుడుస్తాడు, గొట్టంలోకి ఇత్తడి బ్రష్షు తోస్తాడు. ఆ వాసన పడక అమ్మగారు వంటింటి తలుపు మూసుకుంటుంది.

వాళ్ళ పెద్దలది యానాం. ఇంట్లో తెలుగు, నెహ్రూ వీధిలోని బంగారం కొట్లో తమిళం. రాత్రి కొట్టు కట్టేసి నగల సంచీతో ఇంటికి రావాలి కాబట్టి ఆత్మరక్షణ కోసమని దరఖాస్తు పెట్టాడు. పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్టు, శిక్షణ పొందినట్టు కాగితం, ఇంట్లో భద్రంగా దాచే చోటుందన్న రుజువు అన్నీ అయ్యాక నేనొచ్చాను. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది. ఒక మనిషికి మూడు తుపాకులుండొచ్చన్నది రెండుకు తగ్గింది. షావుకారుకు ఆ బాధ లేదు. నా ఒక్కదానితోనే వేగలేకపోతున్నాడు.

నా లైసెన్సు చెల్లేది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే. ఆ ప్రాంతం మ్యాపు చూస్తే తెలుస్తుంది నా అవస్థ. ముత్యాలపేట దాటి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఉత్తరంగా పోతే కోట్టకుప్పం. అది తమిళనాడు, విళుప్పురం జిల్లా. ఇంకాస్త పోతే కాలాపట్టు, మళ్ళీ పుదుచ్చేరి. యూనివర్సిటీ, సెంట్రల్ జైలు రెండూ అక్కడే. ముత్యాలపేటలో పెద్దమనిషిని, కోట్టకుప్పంలో కేసుని, కాలాపట్టులో తిరిగి పెద్దమనిషిని. యానాంలోనూ చెల్లుతాను గానీ, అక్కడికి చేరడానికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు పరాయి నేల దాటాలి.

ఇవే సరిహద్దులు ఒకప్పుడు మా జాతికి కలిసొచ్చాయి. 1878 ఆయుధాల చట్టంతో బ్రిటిష్‌వాళ్ళు జనం చేతుల్లోంచి తుపాకులు లాక్కుంటే, ఫ్రెంచి పుదుచ్చేరి ఆ చట్టానికి అందకుండా నిలిచింది. 1911 జూన్ 17న మణియాచ్చి స్టేషన్లో కలెక్టర్ ఆష్‌ను వాంచినాథన్ కాల్చిన బ్రౌనింగ్ పిస్తోలు బెల్జియంలో తయారైంది. అతనికి గురి నేర్పింది ఈ ఊళ్ళో తలదాచుకున్న వి.వి.ఎస్. అయ్యర్ అంటారు. ఆ పిస్తోలు చరిత్రకెక్కింది. నేను రిజిస్టరుకెక్కాను.

బయటికి తీసుకెళ్తే నన్ను హోల్‌స్టర్‌లో పెట్టి, పైకి కనబడకుండా కప్పాలని 2016 నిబంధనలు చెబుతాయి. ఒక ఆదివారం షావుకారు నన్ను చొక్కా కింద కట్టుకుని సంతలోకి వెళ్ళాడు. జనం తోసుకుంటున్నారు. ఎవరి మోచెయ్యి తగిలినా ఉలిక్కిపడి అరచేత్తో నన్ను అదుముకునేవాడు; చెమటకు హోల్‌స్టర్ తోలు మెత్తబడిపోయింది. అంతలో పక్కనే ఒక కుర్రాడు ఎవరిదో సెల్‌ఫోన్ లాక్కుని షావుకారు ముందు నుంచే పరిగెత్తాడు. కాలు అడ్డం పెట్టినా పడేవాడు. పూలమ్మే ఆవిడ బుట్ట అడ్డం విసిరింది, ఇద్దరు పట్టుకున్నారు. మా షావుకారు రెండు చేతులూ నామీదే ఉన్నాయి. ఫోను దొంగను కాల్చడం కుదిరే పనీ కాదు: అవసరానికి మించి హాని చేయరాదన్న షరతు ఆత్మరక్షణ హక్కుతోనే పుట్టింది, పాత శిక్షాస్మృతిలోనూ, ఇప్పటి న్యాయ సంహితలోనూ.

మరి నిజంగా ప్రాణం తీసేవాళ్ళొస్తే? 2023 మార్చిలో విలియనూరులో ఒక రాజకీయ కార్యకర్తను చంపినవాళ్ళు ముందు నాటుబాంబులు వేశారు, ఆ తర్వాత కత్తులతో నరికారు. అంతకు ముందు, 2017 జనవరిలో, కారైకాల్ వైపు మాజీ స్పీకర్ వి.ఎం.సి. శివకుమార్‌ను చంపిందీ బాంబులతో, కత్తులతోనే. బాంబు పొగలో చొక్కా ఎత్తి, గుండీ విప్పి, నన్ను బయటికి తీసే తీరిక ఎవరికి దొరుకుతుంది? నాటుబాంబుకు లైసెన్సూ అక్కర్లేదు, రెన్యువలూ అక్కర్లేదు.

చిన్నబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ ఇరవై ఒక్కేళ్ళు నిండి, చట్టపరమైన అడ్డంకి లేనివాళ్ళు పర్మిటు లేకుండానే చిన్న తుపాకీ వెంట తిప్పుకోవచ్చు. "అందరి దగ్గరా ఉంటే నీకు ధైర్యంగా ఉంటుందిరా?" అని షావుకారు ఫోన్లో అడిగాడు. "హారన్ కొట్టడం మానేశాను నాన్నా" అన్నాడు వాడు.

ఎన్నికలప్పుడు నాకు ఠాణా కాపురం. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, ఫలితాలు జూన్ 4న. అన్నాళ్ళూ నాలాంటివాటి పక్కన చీటీ కట్టించుకుని పడి ఉన్నాను. 2006 తర్వాత ఇక్కడ మునిసిపల్ ఎన్నికలు పెట్టకపోవడం ప్రజాస్వామ్యానికి లోటేమో గానీ, నాకు ఒక విడత తప్పింది. అమ్మగారు మాత్రం ఆ నెలల్లోనే కంటినిండా నిద్రపోయానంటుంది.

మొన్న కాలాపట్టులో మేనకోడలి పెళ్ళి. "అదీ వస్తుందా?" అని అమ్మగారు నావైపు చూసింది. "మధ్యలో కోట్టకుప్పం ఉందిగా" అని షావుకారు నన్ను లాకర్లో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అక్షింతలు వేసేటప్పుడు కూడా ఆ చెవినే తడుముకుంటూ కూర్చున్నాడని, తిరిగొచ్చాక అమ్మగారు పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను.