ఆకలి లేదట, అజ్ఞానమేనట!

ఏటా సెప్టెంబరు వచ్చిందంటే పోషణ మాసం వచ్చినట్టే. బ్యానరు కడతారు, బల్ల మీద దానిమ్మలూ బాదంపప్పులూ గుడ్లూ రంగుల వరసన పేరుస్తారు, పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ఉపన్యాసాల సారం ఒక్కటే: పేదింట్లో తిండికి లోటు లేదు, తెలివికే లోటు. బాపట్ల జిల్లా పర్చూరు నల్లరేగడిలో పొద్దు పొడవకముందే మిరపకోతకు బయల్దేరే ఆడకూలీకి అందే ప్రసాదమూ ఇదే: రోజూ కాసేపు నడవండి, పళ్లెంలో సగం కూరలే ఉండాలి, మనసు ప్రశాంతంగా ఉంచుకోండి. రోజంతా నడుం వంచి కాయలు కోసే మనిషికి వ్యాయామం నేర్పాలంటే ఎంత ధైర్యం ఉండాలి!

సరే, ఉపదేశాన్ని నమ్మి లెక్క వేద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు పప్పు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు కావాలి. అంటే నలుగురున్న ఇంటికి నెలకు పది కిలోల పప్పు, 48 కిలోల కూరలు, 36 లీటర్ల పాలు, 12 కిలోల పండ్లు. శాస్త్రం మీద నాకే తగువూ లేదు. కానీ 2013 ఆహార భద్రత చట్టం మామూలు కార్డుదారు ఇంట్లో తలకు హామీ ఇచ్చింది నెలకు 5 కిలోల ధాన్యం. రేషన్ కందిపప్పు వచ్చిన నెలలో కార్డుకు కిలో. మిగతా తొమ్మిది కిలోలూ ఉపన్యాసంతో సర్దుకోవాలి కాబోలు.

‘తిండే లేకపోతే ఇంత లావెలా అవుతారు?’ అని మేధావుల ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 36.3 శాతం మందిది అధిక బరువు, 58.8 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత 63.2 శాతం. ఈ అంకెలన్నీ ఒకే వంటింట్లో పుట్టగలవు. కడుపు నింపే అన్నం చవక, రక్తం పట్టించే పప్పూ గుడ్డూ ఖరీదు. చేతిలో డబ్బు తగ్గిన వారం ముందు తగ్గేవి అవే, మిగిలేవి పచ్చడి మెతుకులు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆహార అభద్రతను కొలవడానికి ఎనిమిది ప్రశ్నలు అడుగుతుంది. పస్తుల మాట తర్వాతి సంగతి, తిండి చాలదేమోనని బెంగపడ్డారా అన్నదే మొదటి ప్రశ్న. ఈ పర్చూరు నేల మీద బెంగకు కరువేముంది? 2025లో మిర్చి ధర పడిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల జోక్య ధర ప్రకటించాల్సి వచ్చింది. అదే ఏడు నల్ల బర్లీ పొగాకు కొనే దిక్కులేకపోతే ప్రభుత్వ సంస్థ మార్క్‌ఫెడ్ రంగంలోకి దిగింది. ధర పడితే రైతు ఆఖరి కోత వదిలేస్తాడు, కూలీకి పనిరోజులు పోతాయి, కౌలుదారుకు అప్పు మిగులుతుంది. బెంగతో నిద్ర పట్టదు, బీపీ పెరుగుతుంది, మాత్రలకూ సరుకులకూ ఒకే నోటు మీద పోటీ మొదలవుతుంది. ఇంతటి రోగానికి మన మందు: ‘టెన్షన్ పడకండమ్మా!’

ఇక చివరి అస్త్రం: ‘ఇచ్చిన బియ్యమే అమ్ముకుంటున్నారు కదా!’ అమ్ముకునేవాళ్లున్నారు, నిజమే. 2024లో కాకినాడ రేవులో రేషన్ బియ్యం ఎక్కించిన ఓడను ఆపమనేదాకా వెళ్లింది కథ. ఓడ దాకా బియ్యం చేర్చే స్తోమత కార్డుదారుకెక్కడిది? బియ్యం అమ్మి నూనె, మాత్రలు కొంటున్నారంటే ఒక్క బియ్యంతో బతుకు గడవడం లేదనే అర్థం. కొందరు ఆ డబ్బు తాగుడుకు పోస్తారన్నదీ కాదనను. ఆ నేరానికి వాళ్ల పిల్లల పప్పు ఎందుకు కోయాలో కాస్త చెప్పండి.

పర్చూరు, ఇంకొల్లు చుట్టుపక్కల శీతల గిడ్డంగుల్లో శనగ బస్తాలు ధర కోసం ఎదురుచూస్తుంటాయి. పండించిన ఊళ్లలోనే పప్పు లేని పళ్లాలున్నాయి. మద్దతు ధరకు కొన్న శనగలను నెలనెలా రేషన్ దుకాణంలో ఇవ్వడానికి ఉత్తర్వు చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. అది ఇచ్చాక పళ్లెం బొమ్మ చూపించండి, బుద్ధిగా వింటాం. అప్పటిదాకా ఆ బల్ల మీద ప్రతి పండు పక్కనా ధర చీటీ, చివరన ఒక రోజు కూలి ఎంతో రాసి పెట్టండి. లోటు తెలివిలో ఉందో, కూలిలో ఉందో చూసినవాళ్లే తేలుస్తారు.